కంప్యూటర్ పోయిందని ఎవరు చెప్పారు?

(పాత డీజిల్ ట్రక్కుల ఎలక్ట్రికల్ లోపాల మీద మెకానిక్కులకు, డ్రైవర్లకు, బండి ఓనర్లకు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. మాట తడబడిన చోట్ల తప్ప ఎక్కడా కత్తిరించలేదు.)

అందరూ సర్దుకున్నారా? ముందు వరసలో ఖాళీ ఉంది, రండి తమ్ముళ్లూ, వెనక నిలబడితే ఈ మీటర్ కనపడదు. సరే. మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న. "కంప్యూటర్ పోయిందంట అన్నా, మార్చాలంట" అంటూ మీలో ఎంతమంది దగ్గరికి బండి వచ్చింది? చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ. ఇంకో ప్రశ్న. కంప్యూటర్ మార్చాక కూడా మళ్లీ అదే లోపంతో తిరిగొచ్చిన బళ్లు? ఆ, ఇప్పుడు నవ్వుతున్నారు. కానీ చేతులు మాత్రం దించలేదు.

ఇవాళ నేను చెప్పేదంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. ఏళ్ల తరబడి తిరిగిన డీజిల్ బండిలో కంప్యూటర్ని చిట్టచివర అనుమానించాలి. ఎందుకంటారా? ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపే ఆ కంప్యూటర్, గట్టి అల్యూమినియం పెట్టెలో ఉంటుంది, లోపల బోర్డు మీద పూత ఉంటుంది, చుట్టూ సీలు ఉంటుంది. మరి దానికి వెళ్లే వైర్లకు ఏముంది? పల్చటి ప్లాస్టిక్ తొడుగు, దాని మీద ఒక గొట్టం, ఆ గొట్టం కూడా ఏనాడో చిట్లిపోయి ఉంటుంది. ఇంజిన్ వేడి, వాన, బురద, కారే ఆయిలు, ఎలకలు, ఇన్నేళ్లలో ఎవరెవరో వచ్చి కోసి అతికించిన అతుకులు. వీటన్నిటిలో ముందు దెబ్బతినేది పెట్టెనా, వైరా? ఇంకో సంగతి కూడా ఉంది. వైరు తప్పో ఒప్పో మీటరుతో కాసేపట్లో రుజువు చేయొచ్చు. పెట్టె తప్పు రుజువు చేయాలంటే మిగతావన్నీ బాగున్నాయని తేల్చాక కానీ కుదరదు. కాబట్టి ఎలా చూసినా దాని వంతు చివరే.

మొదట బ్యాటరీ. "అది మాకు తెలుసులే" అని కొందరు ఫోన్లు తీస్తున్నారు, కాస్త ఆగండి. నిండా ఛార్జ్ ఉన్న 12 వోల్టుల బ్యాటరీ ఏ లోడూ లేకుండా 12.6 దగ్గర ఉంటుంది, 12.2 కనపడితే సగం ఖాళీ అయిపోయినట్టు. 24 వోల్టుల బండిలో రెండు బ్యాటరీలు వరసగా ఉంటాయి కదా, చాలామంది రెండిటికీ కలిపి ఒక్కసారే కొలిచి 24.6 ఉంది, బాగుంది అనేస్తారు. విడివిడిగా కొలవండి. ఒకటి 12.9, ఇంకొకటి 11.7 ఉంటే? కలిపితే 24.6 వస్తుంది, లెక్క సరిపోయింది, బ్యాటరీ మాత్రం ఒకటి చచ్చింది. తరవాత సెల్ఫ్ కొడుతూ కొలవండి. 12 వోల్టుల బండిలో 9.6 కంటే కిందికి, 24లో సుమారు 19 కంటే కిందికి పడకూడదు. పడితే ఏమవుతుంది? సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ కూడా తిరుగుతుంది, ఈసీఎం మాత్రం నడిమధ్యలో పడుకుని మళ్లీ లేస్తూ ఉంటుంది, డీజిల్ కొట్టే ఇంజెక్టర్లకు ఆజ్ఞ వెళ్లదు, బండి ఎత్తుకోదు. అప్పుడు ఒకాయన పంపు అంటాడు, ఇంకొకాయన కంప్యూటర్ అంటాడు.

ఏబీఎస్, గేర్‌బాక్స్, డ్యాష్‌బోర్డ్, ఇంజిన్, ఇలా ఒకదానికొకటి సంబంధం లేని చోట్ల నుంచి లోపం కోడ్‌లు గుంపుగా వచ్చాయా? ఒక్కో పనికి ఒక్కో చిన్న కంప్యూటర్ ఉంటుంది, దాన్నే మాడ్యూల్ అంటాం, అన్ని మాడ్యూళ్లూ ఒకేరోజు ఎందుకు పోతాయి చెప్పండి? వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది కరెంటు, అది బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగెళ్లే ఎర్త్ దారి, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నెట్‌వర్క్ వైర్లు. అక్కడే చూడాలి. ఆల్టర్నేటర్ కూడా ఇక్కడే చూసేయండి. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య రావాలి, 24 బండికి దానికి రెట్టింపు. అది చూసి వదిలేయకండి, మీటర్ని ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ దగ్గరే ఇంకోసారి కొలవండి. అర వోల్టు కంటే ఎక్కువ ఏసీ కనపడితే ఆల్టర్నేటర్లో ఏసీని డీసీగా మార్చే డయోడ్ పోయి ఉండొచ్చు. ఛార్జింగ్ చూస్తే బాగానే ఉంటుంది, కానీ ఆ ఏసీ అలలు వెళ్లి సెన్సర్ల సిగ్నల్లో కలిసి, పిచ్చిపిచ్చి కోడ్‌లు రాయిస్తాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుని మిగతాది మరిచిపోయినా నాకు బాధ లేదు. మీటరుతో వోల్టులు కొలిచి "కరెంట్ వస్తోంది" అనకండి. మీటర్ తాగే కరెంటు ఎంత? దాదాపు సున్నా. వైరులో ఇరవై పోగులు తెగి ఒక్క పోగు మిగిలినా మీటర్ 12.5 చూపిస్తుంది. ఒక్క పోగు మీద వేలాడే చేంతాడు కూడా చూడ్డానికి తాడులాగే ఉంటుంది, నీళ్లు నిండిన చేద లాగినప్పుడు కదా దాని సంగతి బయటపడేది. కాబట్టి లోడ్ వేసి కొలవాలి. హెడ్‌లైట్ బల్బు ఒకటి తీసుకోండి, 12 వోల్టులకు 55 వాట్లది, అది నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. 24 బండికి 70 వాట్లది. దానికి రెండు వైర్లు అతికించుకుని దగ్గర పెట్టుకోండి.

ఎలా వాడాలి? కీ ఆఫ్ చేసి ఈసీఎం కప్లర్, అంటే దానికి వైర్లు తగిలించే ప్లగ్గు, ఊడదీయండి. వైరింగ్ డయాగ్రమ్ చూసి బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే పిన్నులేవో, ఎర్త్ పిన్నులేవో గుర్తించండి. డయాగ్రమ్ లేకుండా మాత్రం ఈ పని పెట్టుకోకండి, దండం పెట్టి చెబుతున్నా. ఆ బ్యాటరీ పిన్నుకి, ఎర్త్ పిన్నుకి మధ్య బల్బు పెట్టండి. బల్బు తెల్లగా, నేరుగా బ్యాటరీకి పెట్టినంత కాంతితో వెలగాలి. వెలుగుతుండగానే మీటరుతో కొలవండి. ఎర్త్ వైపు, అంటే ఈసీఎం ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య 0.1 వోల్టు దాటితే నాకు అనుమానం మొదలవుతుంది. కీ ఆన్ చేస్తే వచ్చే ఇగ్నిషన్ వైరు కూడా కొలవాలి, అది మరవకండి, అది రాకపోతే ఈసీఎం నిద్ర లేవదు. ఒక జాగ్రత్త. ఈ బల్బుని సెన్సర్ వైర్లకు, 5 వోల్టుల పిన్నులకు పొరపాటున కూడా తగిలించొద్దు. లావు సూది గుచ్చి పిన్నుల నోరు వెడల్పు చేయొద్దు. మీరు వెళ్లాక ఆ పిన్ను వదులై కొత్త లోపం పుడుతుంది, దాన్ని వెతకడం ఇంకా కష్టం.

ఒక బండి సంగతి చెబుతాను. గతుకుల్లో ఠక్కున ఆగిపోయేది, కాసేపటికి దానంతట అదే స్టార్టయ్యేది. ఈసీఎం మార్చమని ఓనరుకి అప్పటికే చెప్పేశారు. కప్లర్ దగ్గర 12.4 వోల్టులు చక్కగా వస్తున్నాయి. బల్బు పెడితే ఎర్రగా, నిప్పుకణికలా ఉంది తప్ప వెలుగు లేదు. బల్బు రెండు కొసల మధ్య కొలిస్తే 3 వోల్టులే. ఎర్త్ వైరు పట్టుకుని వెనక్కి వెళితే ఛాసిస్ మీద లగ్గు, అంటే వైరు కొసనుండే రింగు, దొరికింది, పైకి శుభ్రంగా, బోల్టు బిగుతుగా ఉంది. విప్పి చూస్తే లగ్గు కింద రంగు! ఎవరో ఛాసిస్‌కి పెయింట్ కొట్టించారు, ఆ పెయింట్ మీదే లగ్గు పెట్టి బిగించేశారు, పాపం ఆ కరెంటు బోల్టు మరల గుండా ఎలాగో పాకుతోంది. ఇనుము కనపడేదాకా గీకి, లగ్గు పెట్టి, బిగించాక పైన పూత పూశాం. ఆ ఈసీఎం ఇంకా అదే బండిలో ఉంది.

ఇక వైరింగ్. ఎక్కడ చూడాలి? హార్నెస్, అంటే వైర్ల కట్ట, ఎక్కడ వంగుతుందో అక్కడ, ఎక్కడ రాసుకుంటుందో అక్కడ, ఎక్కడ కాలుతుందో అక్కడ. ఇంజిన్ వెనక బెల్ హౌసింగ్ మీదుగా పోయేచోట, క్లాంపుల కింద, ఛాసిస్ పట్టీ అంచుల్లో, టర్బో దగ్గర. ఎత్తే క్యాబిన్ ఉన్న బళ్లలో క్యాబిన్ కీలు దగ్గర వైర్లు మడతపడి మడతపడి, తొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగిపోతుంది. ఈ లోపానికి ఒక పెంకి గుణం ఉంది. మీరు వెతకడానికి క్యాబిన్ ఎత్తుతారు, ఎత్తగానే వైరు మడత మారి తెగిన కొసలు కలుస్తాయి, లోపం మాయం. దించగానే మళ్లీ ప్రత్యక్షం. డ్రైవర్ వస్తుంది అంటాడు, మెకానిక్ లేదు అంటాడు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు! అందుకని క్యాబిన్ దించి, ఒకరు మీటర్ చూస్తూ ఉంటే ఇంకొకరు కింద నుంచి హార్నెస్‌ని కదపాలి. అనుమానం ఉన్న వైరుని మెల్లగా లాగి చూడండి, లోపల రాగి తెగితే ఆ ఒక్క చోట తొడుగు రబ్బరులా సాగుతుంది.

కప్లర్లు విప్పి లోపలికి చూడండి, టార్చి వేసి చూడండి. పచ్చగా చిలుము పట్టిందా? ఆయిలు ఉందా? ఆయిలు ఉంటే చాలామంది తుడిచి పెట్టేస్తారు. ఈసీఎం కప్లర్లోకి ఆయిలు ఎక్కడినుంచి వచ్చింది? ఆయిల్ ప్రెజర్ సెన్సర్ లోపల పగిలితే, ఆ ఒత్తిడికి ఆయిలు వైరు తొడుగు లోపలే, రాగి పోగుల సందుల్లోంచి పాకుకుంటూ అంత దూరం వస్తుంది. నమ్మబుద్ధి కాదు కానీ సెన్సర్ దగ్గర వైరు కొంచెం కోసి చూడండి, తడి తెలుస్తుంది. నీళ్లు కూడా అంతే. తొడుగుకి మధ్యలో సూది గుచ్చి టెస్ట్ చేసి వదిలేస్తారే, ఆ చిల్లులోంచే నీళ్లు దిగి కొన్ని నెలలకు రాగి నల్లబడి పొడైపోతుంది. గుచ్చక తప్పకపోతే తరవాత సీల్ చేయండి. కప్లర్ వెనక నుంచి సన్నటి పిన్ను దూర్చి కొలవడం అన్నిటికంటే మంచిది.

ఇప్పుడు కోడ్‌ల గురించి. కోడ్‌లు చదివే స్కానర్ పెట్టగానే వాటిని డిలీట్ చేసేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఉన్నా చెప్పరులెండి. ముందు అన్నీ రాసుకోండి, ఏది ఇప్పుడు యాక్టివ్‌గా ఉంది, ఏది పాతది, ఎన్నిసార్లు వచ్చింది, అన్నీ. తరవాత చెరిపి, మళ్లీ ఏది ముందు వస్తుందో చూడండి. పెద్ద బళ్లలో కోడ్ రెండు ముక్కలుగా ఉంటుంది, ఎస్‌పీఎన్ అని ఒకటి, ఎఫ్‌ఎంఐ అని ఒకటి. మొదటిది ఏ సర్క్యూటో చెబుతుంది, రెండోది ఆ సర్క్యూట్ ఎలా చెడిందో చెబుతుంది. మనవాళ్లు మొదటిది చదివి సెన్సర్ కొనుక్కొచ్చేస్తారు, రెండోది అసలు చూడరు. 110 అంటే కూలెంట్ టెంపరేచర్. సరే, దాని పక్కన ఎఫ్‌ఎంఐ 0 ఉంటే ఇంజిన్ నిజంగానే వేడెక్కిందని ఈసీఎం చెబుతోంది, వెళ్లి రేడియేటర్ చూడండి. 3 ఉంటే వోల్టేజ్ ఉండాల్సినదానికంటే ఎక్కువ, 4 ఉంటే తక్కువ. ఇవి రెండూ వేడి గురించి కాదు, వైర్ల గురించి. 5 అంటే కరెంటు తక్కువ, తెగిన సర్క్యూట్ లాంటిది. 12 అంటే ఆ పరికరమే చెడినట్టు, 9 అంటే రావాల్సిన సమాచారం వేళకు రావడం లేదని.

ఈ 3, 4తో ఒక చక్కటి పని చేయొచ్చు, అన్నిటికంటే నాకు ఇష్టమైన టెస్ట్ ఇదే. రెండు వైర్ల టెంపరేచర్ సెన్సర్ తీసుకోండి. ఈసీఎం లోపల ఒక రెసిస్టర్ గుండా 5 వోల్టులు బయటికి పంపుతుంది, సెన్సర్ దాన్ని ఎర్త్ వైపు లాగుతుంది. వేడి పెరిగేకొద్దీ సెన్సర్ రెసిస్టెన్స్ తగ్గుతుంది, వోల్టేజ్ పడుతుంది. ఇంతే దాని కథ. ఇప్పుడు కీ ఆన్‌లో పెట్టి, స్కానర్లో ఆ టెంపరేచర్ చూస్తూ సెన్సర్ కప్లర్ ఊడదీయండి. వోల్టేజ్ 5కి ఎగబాకుతుంది, స్కానర్ మంచు దేశంలో ఉన్నట్టు మైనస్ 40 లాంటి అంకె చూపిస్తుంది, ఎఫ్‌ఎంఐ 3 పడుతుంది. తరవాత కప్లర్లోని ఆ రెండు వైర్లనీ చిన్న ముక్కతో కలపండి. వోల్టేజ్ సున్నాకి పడుతుంది, స్కానర్లో వేడి చిట్టచివరి అంకెకి వెళ్లిపోతుంది, 4 పడుతుంది. ఇలా అటూ ఇటూ మారిందంటే అర్థం ఏమిటి? ఈసీఎం బాగుంది, వైర్లు రెండూ బాగున్నాయి, మిగిలింది సెన్సరూ దాని పిన్నులే. మారలేదు అనుకోండి, సెన్సర్ ఊడదీసినా 4 అలాగే ఉందనుకోండి, వైరు ఎక్కడో ఎర్త్‌కి తగులుతోంది. ఈసీఎం దగ్గర ఆ ఒక్క పిన్ను తీసి మళ్లీ చూడండి. అప్పుడు కూడా మారకపోతేనే పెట్టె మీద వేలు చూపించండి. మూడు వైర్ల ప్రెజర్ సెన్సర్లలో కంపెనీని బట్టి ఊడదీస్తే 3 రావచ్చు, 4 రావచ్చు, దానికి డయాగ్రమ్ చూసుకోవాల్సిందే.

మూడు వైర్ల సెన్సర్ అన్నాను కదా, అక్కడ ఇంకో తిరకాసు ఉంది. యాక్సిలరేటర్ పెడల్, బూస్ట్, ఆయిల్ ప్రెజర్, మూడిటికీ ఒకేసారి కోడ్ వచ్చింది, పెడల్ తొక్కితే బండి కదలదు. మూడు సెన్సర్లు ఒకేసారి పోయాయా? పోవు. వాటికి 5 వోల్టుల సరఫరా తరచుగా ఉమ్మడిగా ఉంటుంది, ఒక్క సెన్సర్ లోపల షార్ట్ అయినా మొత్తం లైను కూలిపోతుంది. పెడల్ కప్లర్లో ఆ 5 వోల్టుల మీద మీటర్ పెట్టి వదిలేసి, ఆ లైను మీదున్న సెన్సర్లని ఒక్కొక్కటిగా ఊడదీస్తూ పోండి. ఏది తీసినప్పుడు 5 వోల్టులు తిరిగొస్తాయో అదే దొంగ. అన్నీ తీసినా రాకపోతే వైరు రాసుకుంటోంది. ఈ సరఫరా ఈసీఎం లోపలి నుంచే వస్తుంది కాబట్టి 5 లేదు అనగానే ఈసీఎం పోయిందనేస్తారు. ఎన్ని మంచి పెట్టెలు ఇలా తుక్కులోకి వెళ్లాయో!

నెట్‌వర్క్ గురించి త్వరగా చెప్పేస్తాను, వినడానికి భయంగా ఉంటుంది కానీ కొలవడం చాలా తేలిక. 1990లలో చాలా బళ్లలో జే1708 అని నెమ్మది లైను ఉండేది, సెకనుకి 9600 బిట్లు. ఆ తరవాత జే1939 వచ్చింది, సెకనుకి 2,50,000 బిట్లు, మెలేసిన రెండు వైర్లు, రెండు కొసల్లో చెరొక 120 ఓమ్‌ల రెసిస్టర్. రెండు 120లు పక్కపక్కన ఉంటే ఎంత? 60. అంతే లెక్క. బ్యాటరీ తీసేసి, తొమ్మిది పిన్నుల డయాగ్నస్టిక్ కప్లర్లో సి, డి పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవండి. 60 దగ్గర వస్తే రెసిస్టర్లు రెండూ, వాటి మధ్య వైరూ ఉన్నట్టే. 120 వస్తే ఒక రెసిస్టర్ లేదు, లేదా లైను మధ్యలో తెగింది. 40 వస్తే ఎవరో మూడోది తగిలించారు. సున్నా దగ్గరకొస్తే రెండు వైర్లూ అంటుకున్నాయి. తరవాత బ్యాటరీ పెట్టి కీ ఆన్ చేసి ఒక్కో వైరుకీ ఎర్త్‌కీ మధ్య కొలిస్తే రెండూ రెండున్నర వోల్టులకు అటూ ఇటూగా ఉండాలి, హై వైరు కాస్త పైన, లో వైరు కాస్త కింద.

ఒక చిన్న మాడ్యూల్, ఏబీఎస్‌దో డ్యాష్‌బోర్డ్‌దో, లోపల చెడి లైను మొత్తాన్ని ఆక్రమించేస్తే స్కానర్‌కి ఈసీఎం కూడా దొరకదు. "నో కమ్యూనికేషన్" అని వస్తుంది. అది చూసి ఈసీఎం చచ్చింది అంటారు, అది పాపం అరుస్తూనే ఉంటుంది, లైను ఖాళీ లేదు. మాడ్యూళ్లని ఒక్కొక్కటే ఊడదీయండి, ఏది తీస్తే మిగతావి పలుకుతాయో చూడండి.

మరి కంప్యూటర్లు అసలు పోవా అని అడుగుతారు. పోతాయి, ఎందుకు పోవు? కానీ ఎక్కువగా పోయేవి ఆలోచించే పెట్టెలు కాదు, పెద్ద కరెంటు మోసే డ్రైవర్ మాడ్యూళ్లు, అందులోనూ వేడి మీద కూర్చున్నవి. అమెరికాలో జీఎం 6.5 లీటర్ల డీజిల్ పికప్‌లలో, 1994 నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్ పంపు వాటిలో, పంపు పక్కకే బిగించిన డ్రైవర్ మాడ్యూల్ వేడికి చెడిపోతుందని పెద్ద పేరు. జనం దాన్ని అక్కణ్నుంచి తీసి, హీట్ సింక్ మీద పెట్టి గాలి తగిలే చోటికి మార్చుకున్నారు. అక్కడే ఫోర్డ్ 6.0 లీటర్ల పవర్‌స్ట్రోక్, 2003లో వచ్చింది, దానిలో ఇంజెక్టర్లను నడిపే మాడ్యూల్ బ్యాటరీ వోల్టేజ్‌ని 48 వోల్టులకు పెంచి పంపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 45 కంటే కిందికి పడితే చల్లటి ఇంజిన్ ఎత్తుకోక సతాయిస్తుంది. దాన్ని అలసగొట్టేవాటిలో బలహీనమైన బ్యాటరీలు కూడా ఉన్నాయి, అంటే మొదట చెప్పిన బ్యాటరీ టెస్ట్ అక్కడ కూడా తప్పదు. కొలవడానికి ఒక అంకె ఉంది చూశారా, 48. పెట్టె పోయిందని చెప్పేవాడు ఇలా ఒక అంకె చూపించాలి. చూపించలేకపోతే అది రోగ నిర్ధారణ కాదు, జోస్యం. ఇంజెక్టర్ వైర్ల దగ్గర చేతులు జాగ్రత్త, కొన్ని బళ్లలో ఆ వైర్లలో బ్యాటరీ కంటే చాలా ఎక్కువ వోల్టేజ్ ఉంటుంది, నడుస్తున్నప్పుడు తాకొద్దు, గుచ్చొద్దు.

ఎవరో వెల్డింగ్ గురించి అడుగుతున్నారు. గట్టిగా అడగండి... ఆ, బ్యాటరీ తీస్తే చాలదా అంటున్నారు. బ్యాటరీ తీయండి, మాడ్యూళ్ల కప్లర్లు కూడా ఊడదీయండి, అన్నిటికంటే ముఖ్యంగా వెల్డింగ్ ఎర్త్ క్లాంపుని అతికే చోటికి దగ్గరగా పెట్టండి. ముందు బంపర్ దగ్గర క్లాంపు పెట్టి వెనక బాడీ అతికితే ఆ కరెంటు మధ్యలో దొరికిన ప్రతి ఎర్త్ దారీ వెతుక్కుంటుంది, బేరింగుల గుండా కూడా పోతుంది.

ఇంకో ప్రశ్న, వేరే బండిలోంచి తీసిన ఈసీఎం వేయొచ్చా అని. నంబర్ కలిసినంత మాత్రాన కుదరదు తమ్ముడూ. లోపల ఆ ఇంజిన్‌కి రాసిన కాలిబ్రేషన్, అంటే ఎప్పుడు ఎంత డీజిల్ కొట్టాలనే లెక్కలు, ఉంటాయి, చాలా కామన్‌రైల్ ఇంజిన్లలో, అంటే ఒకే పైపు నుంచి అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ వెళ్లేవాటిలో, ఒక్కో ఇంజెక్టర్ మీద చెక్కిన కోడ్ ఉంటుంది, అది ఎక్కించకపోతే పొగ, మోత. కొన్నిటికి దొంగతనం ఆపే ఇమ్మొబిలైజర్ కూడా ఉంటుంది. అందుకే పాత పెట్టె కొనఊపిరితో ఉన్నా, స్కానర్‌కి పలుకుతున్నంతలో దానిలో ఉన్నదంతా కాపీ చేసుకోండి. అది కూడా అయ్యాక, కొత్తది తగిలించే ముందు పాతదాన్ని ఎవరు చంపారో కనుక్కోండి. ఫ్యాన్ క్లచ్ సోలనాయిడ్, ఇంజిన్ బ్రేక్ సోలనాయిడ్లు, ఇంజెక్టర్ కాయిళ్లు, ఈసీఎం నేరుగా నడిపే ప్రతి కాయిల్‌నీ ఓమ్‌లు కొలిచి మాన్యువల్ అంకెతో పోల్చండి, ఛాసిస్‌కి తగులుతోందేమో కూడా చూడండి. ఇంజెక్టర్ కాయిల్ మామూలుగానే చాలా తక్కువ ఓమ్‌లు ఉంటుంది, కొన్ని ఒక ఓమ్ కంటే కూడా తక్కువ, దాన్ని చూసి కంగారుపడొద్దు, మిగతా ఇంజెక్టర్లతో పోల్చుకోండి. వాటిలో ఏ ఒక్కటి షార్ట్‌లో ఉన్నా కొత్త పెట్టె కూడా పాతదాని దారే పడుతుంది, కీ తిప్పినంత సేపు కూడా ఆగకపోవచ్చు. కొలతలన్నీ కాగితం మీద రాసుకుని, ఓనరుకి చూపించి, అప్పుడు ఎక్కించండి కప్లర్.